క్రాన్‌బెర్రీల ఊరేగింపులో మా ఆయన

పక్షవాతం వచ్చిన నాలుగు నెలలకు మా ఆయన నడక దారిలో పడింది, మాట తేరుకుంది, కుడిచెయ్యి మాత్రం మొండికేసింది. చెయ్యి మొండికేసిందో, ఆయనే మొండికేశారో నాకు ఇప్పటికీ అనుమానమే. వాడకపోతే ఆ చెయ్యి ఇక అలాగే ఉండిపోతుందని థెరపిస్టు ముఖం మీదే చెప్పింది. వింటేగా! దాన్ని కోటు జేబులో దాచేసి ఎడమచేత్తో స్పూను పట్టుకునేవారు. నలుగురిలోకి రమ్మంటే తలనొప్పి అనేవారు. నా నోరు అసలే మంచిది కాదు. అరిచాను, బతిమాలాను, ఏడ్చాను కూడా. పిల్లల డాక్టరుగా ఎందరు పెంకి పిల్లల చేతనో మందు మింగించినదాన్ని, ఈ ఒక్క పెద్దాయన దగ్గర ఓడిపోయాను.

మా అమ్మాయి కూడా డాక్టరే, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో. చుట్టూ క్రాన్‌బెర్రీలనే ఎర్రటి పుల్లపళ్ళ మళ్ళు. అక్టోబరులో కోతలప్పుడు ఆ పళ్ళ పేరున ఊరేగింపు చేస్తారు. మొన్నటి అక్టోబరులో ఆరేళ్ళ మనవరాలు ఫోన్ చేసింది.

"తాతా, నేను పెరేడ్‌లో క్రాన్‌బెర్రీ. నువ్వు రావాలి!"

నేను పిలిస్తే ఉలకని పలకని మనిషి దానికి వెంటనే సరేనన్నారు. నాకు ఒళ్ళు మండింది. సంతోషమూ వేసింది.

శనివారం పొద్దున్నే పులిహోర, ఫ్లాస్కులో కాఫీ, మడతకుర్చీలు కార్‌లో పడేసి మేముండే బాతెల్ నుంచి బయల్దేరాం. దారంతా వాన.

"ఈ వానలో పెరేడేమిటే, క్యాన్సిల్ చేసేసి ఉంటారు," అని ఆయన గొణుగుడు.

"చేస్తే చేశారు. మీరు కాసేపు ఊరుకుని నన్ను డ్రైవ్ చేయనివ్వండి," అన్నాను.

ఆ ఊరివాళ్ళకు వానంటే లెక్కే లేదు. పళ్ళు నింపిన ట్రాక్టర్లు, ఎర్ర బెలూన్లు కట్టిన చేపల పడవ, వాటి వెనక బడిపిల్లలు. మా పిల్ల ఎర్రగుడ్డలో దూది కూరి కుట్టిన వేషంలో దొర్లుకుంటూ వచ్చినట్టే వచ్చింది. పిల్లలందరూ చిన్న బకెట్లలోంచి జనానికి తలో గుప్పెడు పళ్ళు పంచుతున్నారు. అది తిన్నగా మా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, రోడ్డు పక్క కుర్చీలో ఉన్న తాత ఎడమచేతిలో పళ్ళు పోసి, తల వంచి నిలబడింది.

"తాతా, నా మీద పొయ్యి. భోగికి పోశావు కదా!"

ఈ దేశంలో రేగుపళ్ళు దొరక్క, భోగినాడు దాని తలమీద మేం పోసేది క్రాన్‌బెర్రీలే. జనవరిలో ఆయనే పోశారు, నిక్షేపంలాంటి చేత్తో. పిచ్చితల్లి, పళ్ళూ తాతా కనబడగానే భోగి అనుకుంది. ఆయన ఎడమచెయ్యి లేపి ఆగిపోయారు. ఎడమచేత్తో అక్షింతలే వెయ్యం, పిల్ల తలమీద పళ్ళెలా పోస్తాం?

"నేను పోస్తాలెండి," అని చెయ్యి చాచాను.

"నువ్వాగవే."

జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీశారు. ముడుచుకున్న వేళ్ళను ఎడమచేత్తో ఒక్కొక్కటే విప్పి, అరచేతిలో పళ్ళు పెట్టుకున్నారు. సగం కిందపడ్డాయి. చెయ్యి వణుకుతూ ఛాతీ దాకా లేచి అక్కడే నిలిచిపోయింది. పిల్ల తల ఇంకా పైన ఉంది.

"ఆగు తాతా, నేను కూచుంటా," అని అది తడిరోడ్డు మీద చతికిలబడింది. పిల్లల వెనకాల వస్తున్న బ్యాండు ఆగిపోయింది. "వన్ మినిట్!" అని వాళ్ళమీద అరిచాను, ఆ పెరేడేదో మా ఇంటి పెళ్ళయినట్టు.

తలచుట్టూ మూడుసార్లు తిప్పి పోయాలి. వంకరటింకరగా మూడుసార్లూ తిప్పారు. నాలుగైదు పళ్ళు పిల్ల జుట్టులో పడ్డాయి. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

పిల్ల లేచి తన బడివాళ్ళ వెంట పరుగెత్తింది. ఆ చెయ్యి మళ్ళీ జేబులోకి పోతుందేమోనని చూశాను. పోలేదు. ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు కదిపి చూసుకుంటున్నారు.

"భోగికి గుప్పెడు నిండా పోస్తాను, చూస్తుండు. సోమవారం ఫోన్ చేసి థెరపిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకో."

సోమవారం దాకా ఆగితే ఈయన మనసు మార్చుకోరూ? ఆ వానలోనే ఫోన్ తీశాను.