ల్యాబక్క పెన్సిల్ గీతలు

కంప్యూటర్ల మీద కప్పిన గుడ్డలు తీసి దుమ్ము దులపడానికి ఆమె ఇరవై ఏళ్ల కిందట ఆ కాలేజీలో చేరింది. ప్రోగ్రామింగ్ ఎవరూ నేర్పలేదు. పిల్లల వెనక నిలబడి, తెరల వెలుగు ముఖం మీద పడుతుండగా, ఎండిన నేల నీళ్లు తాగినట్టు అంతా తాగేసింది. ఇప్పుడు అందరికీ ల్యాబక్క.

ఈసారి పరీక్షకు కొత్త నియమం వచ్చింది. ప్రోగ్రామ్ రాసుకోవడానికి మాత్రమే పనికొచ్చే ఉత్త ఎడిటర్లు వాడొచ్చు. రాయడం, నడపడం, తప్పు పట్టడం అన్నీ ఒకేచోట చేసిపెట్టే ఐడీఈలు కుదరవు. జాబితా రాసే పని ల్యాబక్క మీద పడింది. అన్నీ తేలిగ్గానే విడిపోయాయి, ఒక్కటి తప్ప. అది పుట్టుకతో ఎడిటరే. ఎక్స్‌టెన్షన్లనే అదనపు హంగులు తగిలిస్తూ పోతే మాత్రం ఐడీఈకి ఏమాత్రం తీసిపోదు.

"దాన్ని ఐడీఈల్లో పడేయమ్మా, పీడా పోతుంది," అన్నారు డిపార్ట్‌మెంట్ హెడ్డుగారు.

మూడో వరుసలో కూర్చున్న పిల్ల ముఖం పాలిపోయింది. ఆ పిల్లకు కుడిచెయ్యి పనిచేయదు. ఎడమచేతి వేళ్లకు అందేలా అందులో కీబోర్డు మీటలన్నీ మార్చుకుని రెండేళ్లు సాధన చేసింది.

"అది పోతే సగం పేపరు కూడా రాయలేనక్కా."

"ఏడుపు తర్వాత. ముందు అందులో ఒక ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టు."

ల్యాబక్క కుర్చీ లాక్కుని వెనకే కూర్చుంది. ఎక్స్‌టెన్షన్లు ఉన్నంతసేపూ పిల్ల ఆ విండో వదిలి పోలేదు. అవి తీసేశాక రాయడం ఇక్కడ, నడపడం ఇంకో విండోలో, తప్పు దొరికితే మళ్లీ ఇక్కడికి. బయటికి వెళ్లినప్పుడల్లా ఒక పెన్సిల్ గీత. గంటలో కాగితం మీద సన్నని వాన కురిసింది. ముప్పై ఏడు గీతలు.

"పేరు కాదు సార్, పని చూడండి. తగిలిస్తే ఐడీఈ, తీసేస్తే ఎడిటర్," అంటూ ఆ కాగితం హెడ్డుగారి ముందు పెట్టింది.

"ఒకే సరుకు రెండు అరల్లో ఎలా పెడతావమ్మా?"

"మీరు ఇంట్లో నాన్న, ఇక్కడ హెడ్డు. మిమ్మల్ని ఏ అరలో పెట్టమంటారు?"

హెడ్డుగారు నవ్వు దాచుకోవడానికి దగ్గారు. "మరి ఆ పిల్ల మార్చుకున్న మీటలో?"

"అవి తప్పులు పట్టవు సార్. చేతికి అందుతాయి, అంతే."

"నలభై మిషన్లలోనూ ఎక్స్‌టెన్షన్లు తీసెయ్. ఒక్కదాంట్లో మిగిలినా నీదే పూచీ," అంటూ జాబితా మీద సంతకం పెట్టారు.

ఒక్కో మిషన్ ముందూ కూర్చుని, బఠాణీలు ఒలిచినంత ఓపిగ్గా అన్నీ ఒలిచేసింది ల్యాబక్క.

పరీక్ష ముగియడానికి పది నిమిషాల ముందే పిల్ల లేచి నిలబడింది. "అయిపోయిందక్కా!"

"ఇంకా టైముంది కదే. కూర్చుని మళ్లీ ఒకసారి చూసుకో," అని కసిరింది ల్యాబక్క.