టవల్ కింద టేప్‌రికార్డర్

పోయిన ఆదివారం పుంగనూరు నుంచి మా కోడలు ఫోన్ చేసింది. కోడలంటే మా బామ్మర్ది కూతురు. వాళ్ళ నాయన పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున ఒక క్యాసెట్ దొరికిందట. ఎవరి దగ్గరో పాత టేప్‌రికార్డర్ అడిగి తెచ్చి, దాన్ని ఫోన్‌లోకి ఎక్కించిందట. "ఎంత బాగా వాయించినారు మామా వీళ్ళు! ఈ గొంతు మా నాయనదంటే నేను నమ్మలే. ఐతే రెండో పాట సగంలో ఠక్కని ఆగిపోతాది. ఆమైన అంతా ఉస్సుమని ఉత్త గాలి. యాల అట్లయింది మామా?" అని అడిగింది. వైరు ఊడిపోయి ఉంటుందమ్మా అన్నాను. ఇరవై ఏళ్ళకు పైగా ఎవరడిగినా నా నోటినుంచి వచ్చే మాట అదే. ఆ పాట ఎందుకు ఆగిందో లోకంలో నా ఒక్కడికే తెలుసు. అలా అనుకునే ఇన్నాళ్ళూ బతికాను.

నాది మదనపల్లెలో మైక్‌సెట్టు వ్యాపారం. తొంభైలలో నాకు నాలుగు హారన్లు, రెండు యాంప్లిఫయర్లు, ఒక టేప్‌రికార్డర్ ఉండేవి. వాటికంటే ముందు, అంటే పుట్టుకనుంచే, అనుమానం ఉండేది. పాలు కొలుస్తుంటే అందరూ చెంబులోకి చూస్తారు, నేను పాలవాడి బొటనవేలు వైపు చూస్తాను. కండక్టర్ ఇచ్చిన టికెట్టును వెలుతురుకు పట్టి చూసేవాణ్ణి. అనుమానం పెనుభూతం అని మా ఆవిడ పెళ్ళయిన వారానికే అనేసింది. నాకున్న రెండో జబ్బు మడతలు. యాంప్లిఫయర్ మీద కప్పే గుడ్డ కానీ, భుజం మీది తువ్వాలు కానీ, నాలుగు మడతలు పెట్టి అంచుకు అంచు కలిపితే తప్ప నా చెయ్యి ఊరుకోదు. పెళ్ళి పందిట్లో ఎవరో పడేసిన గుడ్డ కనబడినా మడిచి పెట్టి వచ్చేవాణ్ణి.

మా బామ్మర్ది చదువు పేరు చెప్పి పుంగనూరు నుంచి మా ఇంటికి వచ్చి, గిటారు పట్టాడు. అతనికి ఇద్దరు జత. డ్రమ్ములు కొట్టేవాడు మిషన్ ఆసుపత్రి నర్సమ్మ కొడుకు. ఆదివారం చర్చిలో బుద్ధిగా కొట్టి, ఆ బుద్ధినంతా సోమవారం వదిలేసేవాడు. లావు తీగల గిటారు వాయించే మూడోవాడి నాయనకు పట్టుదారం తీసే షెడ్డు ఉండేది. సాయంత్రం పని ముగిసి వేడినీళ్ళ తొట్లు చల్లారాక, శబ్దం బయటికి పోకుండా గోడల నిండా పట్టుగూళ్ళ గోతాలు వేలాడదీసి అక్కడే సాధన చేసేవాళ్ళు. ఉడికిన పట్టుపురుగుల వాసన వాళ్ళ జుట్టులోంచి కూడా వచ్చేది. వాళ్ళు దాన్ని హార్డ్ రాక్ అనేవాళ్ళు. ఊళ్ళో ఇనప సామాన్ల పాట అనేవాళ్ళు. పొరుగింటి పుల్లకూర రుచి కదా, బెంగుళూరునుంచి ఎవడో వచ్చి అదే వాయిస్తే టికెట్టు కొని వినేవాళ్ళేమో. ధర పడిపోయి రైతులు టమోటాలు రోడ్డు మీద పారబోసిన ఏడాది వాళ్ళు కట్టిన పాట ఒకటుంది. "ఎర్రగ పండితిమి, ఎద్దుల కాళ్ళ కింద పడితిమి" అని మా బామ్మర్ది గొంతు చించుకునేవాడు. మాట మంచిదే. కానీ నా హారన్లలోంచి వస్తే రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు ఉండేది. తప్పు హారన్లదేమోనని నాకు ఒక్కనాడూ తట్టలేదు. సొంత సామాను మీద ఎవరికైనా అనుమానం ఎందుకొస్తుంది?

ఇట్లా ఉండగా ముగ్గురూ బెంగుళూరు వెళ్ళి మూడు పాటలు రికార్డు చేయించుకొని వచ్చారు. మా ఇంట్లోనే పెట్టి వినిపించారు. డ్రమ్ము దెబ్బ గుండె మీద పడుతోంది. గిటారు లారీ ఘాట్ ఎక్కినట్టు మూలుగుతూ పైకి పోతోంది. మా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నేను మాత్రం మా బామ్మర్ది చేతివేళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను. ఈ వేళ్ళు ఈ శబ్దం చేశాయా? నిన్నటిదాకా వడగళ్ళు కురిపించిన వేళ్ళా? బెంగుళూరులో వాయించేవాళ్ళు వీధికొకరు దొరుకుతారని నాకు తెలుసు. పైగా మొదటి పాట ఎప్పుడు రికార్డు చేశారని అడిగితే డ్రమ్ముల పిల్లాడు పొద్దున అన్నాడు, మా బామ్మర్ది సాయంత్రం అన్నాడు. ఇంకేం కావాలి నాకు? వాయించింది వీళ్ళు కాదేమోనని ఆ రాత్రి మా ఆవిడతో అంటే కస్సుమంది. "మీకు మా తమ్ముడంటే యాల అంత అనుమానం? వాడు బాగు పడకూడదా?" అంది. బాగుపడితే నాకూ సంతోషమే, ఎలా బాగుపడ్డాడో తెలియాలంతే అన్నాను.

కొన్ని నెలలకు కుప్పంలో ఒక కాలేజీ వార్షికోత్సవానికి వీళ్ళను పిలిచారు. నా హారన్లు వద్దట, బెంగుళూరు నుంచి బాక్సులు వస్తాయట. మనసు చివుక్కుమంది. అయినా మా బామ్మర్ది వదల్లేదు. "నువ్వు రావాల బావా. నువ్వు పక్కన కూర్చోనుంటే నాకు ధైర్యం" అని వ్యాను ఎక్కించాడు. మధ్యాహ్నం మూడు గంటలకు మైదానంలో ఎండ, ఎర్రదుమ్ము, గోల. స్టేజీ పక్కన, జనానికి అడ్డంగా కట్టిన గుడ్డ తెర వెనక బాక్సులవాడు మీటలు తిప్పుతున్నాడు. అతని పక్కన నాకు కుర్చీ వేశారు. కుర్చీ దగ్గర ఒక ముక్కాలిపీట, దాని మీద ఏదో పెట్టి పైన మా బామ్మర్ది టవల్ విసిరేసినట్టు కప్పి ఉంది. గాలికి అంచు లేస్తే చూశాను. టేప్‌రికార్డర్. లోపల క్యాసెట్ తిరుగుతోంది.

నాకు అంతా అర్థమైపోయింది. జాతరల్లో ఆర్కెస్ట్రాలవాళ్ళు చేసే పనే ఇది. టేపు పాడుతుంది, స్టేజీ మీద వీళ్ళు పెదవులు కదుపుతారు. బెంగుళూరులో ఎవరో వాయించినదే ఇక్కడా మోగుతోంది. మొదటి పాట అయింది. పిల్లలు ఈలలు వేశారు. శబ్దం ఆ క్యాసెట్లో విన్నంత గొప్పగా ఉంది. అంత గొప్పగా ఉండడమే నాకు సాక్ష్యం. రెండోది టమోటా పాట. ఒక్క క్షణం వైరు పీకితే గుట్టు తెలిసిపోతుంది, వెంటనే పెట్టేస్తే కరెంటు తప్పని అందరూ అనుకుంటారు, నిజం నాకొక్కడికే మిగులుతుంది అనుకున్నాను. బాక్సులవాడు అటు తిరగగానే టవల్ ఎత్తి, టేప్‌రికార్డర్‌కూ అతని మీటల పెట్టెకూ మధ్యనున్న వైరు పీకేశాను.

పాట ఆగలేదు.

మా బామ్మర్ది ఆ వేళ్ళతోనే వాయిస్తున్నాడు. డ్రమ్ముల పిల్లాడి చెమట ఎగిరి నా కాళ్ళ మీద పడుతోంది. సిగ్గు, సంతోషం రెండూ ఒకేసారి వచ్చాయి. వైరు మళ్ళీ గుచ్చబోయి ఆగాను. నడుస్తున్న పాటలో వైరు గుచ్చితే బాక్సుల్లో ఢామ్మని పేలుతుంది, అది మా వృత్తిలో మహాపాపం. క్యాసెట్ తిరుగుతూనే ఉంది, అవసరం లేని టేపే కదా అని వదిలేసి, టవల్ మళ్ళీ కప్పాను. మిగిలిన పాటలన్నీ నోరు తెరుచుకొని విన్నాను. నా జన్మలో అంతటి వాయింపు వినలేదు. చివరి పాటకు కాలేజీ పిల్లలు కుర్చీలెక్కి అరిచారు.

తిరుగు వ్యానులో వెంకటగిరికోట దగ్గర టీ తాగి, డ్రైవర్ పక్కనున్న ప్లేయర్లో ఆ క్యాసెట్ పెట్టారు. ఒక పాట వచ్చింది. రెండోది సగం వచ్చింది. తర్వాత ఉస్సుమని గాలి. అప్పుడు నాకు తెలిసింది, అది పాటలు వేసే టేపు కాదు, పాటలు పట్టే టేపు అని. తమ పాటలు క్యాసెట్‌గా వెయ్యమని వీళ్ళు అడిగిన బెంగుళూరు కంపెనీ ఆయన కూడా నాలాంటి అనుమానపు జాతివాడే. రికార్డింగ్ ఎవరితోనైనా చేయించుకోవచ్చు, స్టేజీ మీద వాయించింది తెస్తేనే నమ్ముతాను అన్నాడట. అందుకని ఇంత ఏర్పాటు. నాకు చెప్పలేదేమంటే, చెప్తే దిష్టి తగులుతుందని మా ఆవిడే ఆపిందట. మైక్‌సెట్టువాడికి టేప్‌రికార్డర్ అంటే పాడేది. అన్నేళ్ళ వృత్తిలో అది వినగలదని నాకు తోచలేదు. "వైరు ఊడిపోయింటాదిలే" అన్నాడు డ్రమ్ముల పిల్లాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "అవునవును, ఊడిపోయే ఉంటుంది" అని అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

ఉన్న ఒకటిన్నర పాటే పంపారు. సగంలో ఆగిందంటే అక్కడేదో దాచారని కంపెనీ ఆయనకు అనుమానం వచ్చిందట. ఆయన్ను నేనెలా తప్పు పట్టను? మళ్ళీ వాయించి పంపుదామనేలోగా డ్రమ్ముల పిల్లాడికి హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చింది. షెడ్డు గోడల మీది గోతాలు మళ్ళీ గూళ్ళు నింపడానికి పోయాయి. మా బామ్మర్ది పుంగనూరు వెళ్ళిపోయి టీవీలు రిపేరు చేసుకుంటూ బతికాడు. రెండేళ్ళు మా గడప తొక్కలేదు. పని ఒత్తిడి అనేవాడు. నేను నమ్మినట్టు నటించాను.

కోడలి ఫోను వచ్చిన రోజు నాకు నిద్ర లేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పుంగనూరు పోయాను. మా బామ్మర్ది అంగడి ముందు కూర్చొని ఎవరిదో రిమోట్ విప్పుతున్నాడు. నిలబడే చెప్పేశాను. ఆ వైరు ఊడలేదప్పా, నేనే పీకినాను అని. అతను స్క్రూలన్నీ మూతలో వేసి, చేతులు తుడుచుకున్నాడు.

"ఆ పొద్దే తెల్సు బావా. టవల్ నేను ఇసిరేసి పోతిని. వచ్చి సూస్తే నాలుగు మడతలు పెట్టి, అంచులు కలిపి ఉండాది. మా అక్క ఇంట్లో తప్ప అట్లాంటి మడత యాడా సూళ్ళేదు నేను."

"మరి యాల అడగలేదు?"

"అడిగితే అక్క నీతో ఉంటాదా? రెండేండ్లు నీ ఇంట్లో అన్నం తినబుద్ధి కాలే బావా. కోపం శానా ఉండె." రిమోట్ పక్కకు జరిపి, "ఆమైన ఒగ నాడు అనుకుంటి, బావకు అనుమానం వచ్చేంత బాగా వాయించినామే అని" అన్నాడు. నవ్వలేదు. లోపలికి తిరిగి టీ తెమ్మని కేక వేశాడు.

టీ తాగుతుంటే కోడలు ఫోను పట్టుకొని వచ్చింది. పాట వరకు ఉంచి, ఆ వెనకనున్న గాలంతా కత్తిరించేస్తానంది. వద్దమ్మా అన్నాను. ఆ గాలి సాగినంతసేపూ మీ నాయన వాయిస్తూనే ఉన్నాడు, నేను పక్కనే కూర్చొని విన్నాను. నీకు వినిపించడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. ముగ్గురం ఆ గాలిని చివరిదాకా విన్నాం. పోయిన కాలం ఎక్కడికీ పోదు, మనం వైరు పీకిన చోటునుంచి మనకు వినపడడం మానేస్తుంది, అంతే.