మా ఈశాన్యం, వాళ్ళ వాయువ్యం

ఆ రోజు ఫిల్మ్ నగర్‌లో ఒక సీరియల్‌కి డబ్బింగ్ చెబుతున్నాను. బ్రేక్‌లో ఫోన్ చూస్తే మా చెల్లెలు మాధవి నుంచి ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. తిరిగి చేస్తే, "అక్కా, అన్నం వాసనకే వాంతొస్తోందే. కళ్ళు పచ్చగా ఉన్నాయంటోంది పనావిడ. ఓసారి రావా?" అంది. దానికి అప్పుడు ఏడో నెల. మధురానగర్‌లో ఉంటుంది. మరిది ఆఫీసు పని మీద పుణె వెళ్ళాడు. నేను వెళ్ళి చూసేసరికి కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

నాకు ముందు వచ్చింది కోపం. భయం తర్వాత వచ్చింది. నెల కిందట టోలిచౌకిలో ఎక్కడో ఐసు వేసిన జ్యూస్ తాగానని అదే చెప్పింది. "కడుపుతో ఉన్నదానివి, రోడ్డు మీద జ్యూస్ తాగకపోతే ప్రాణం పోతుందా?" అని హాస్పిటల్‌కి వెళ్ళే దారి పొడుగునా ఆటోలో తిట్టాను. అది తల వంచుకుని "ఒక్కసారే కదక్కా" అంది.

జూబ్లీ హిల్స్‌లో హాస్పిటల్. ఎల్‌ఎఫ్‌టీ అనే లివర్ పరీక్ష చేశారు, స్కాన్ చేశారు. మర్నాడు లివర్ డాక్టర్ రిపోర్టు పట్టుకొచ్చారు. "హెపటైటిస్ ఈ, ఐజీఎం పాజిటివ్. అంటే ఈమధ్యే సోకింది. కలుషితమైన నీళ్ళ వల్ల వస్తుంది. మామూలు వాళ్ళకి చాలావరకు దానంతటదే తగ్గిపోతుందమ్మా. ఈ నెలల్లో ఉన్న గర్భిణికి మాత్రం చాలా సీరియస్. రెండు నెలల లోపల ఎక్కడెక్కడ నీళ్ళు తాగింది?"

నేను టోలిచౌకి జ్యూస్ సంగతి చెప్పాను.

"ఇంకెక్కడైనా?"

"ఎక్కడా లేదు డాక్టర్. మా తోటింట్లో పది రోజులుంది. అక్కడ అన్నీ మా సొంత బోరు నీళ్ళే" అన్నాను. గర్వంగా చెప్పాను. ఆ గర్వం తలుచుకుంటే ఇవాళ్టికీ ఒళ్ళు మండుతుంది.

ఆయన రాయడం ఆపి, "ఆ నీళ్ళు ఎప్పుడైనా టెస్ట్ చేయించారా?" అని అడిగారు. లేదు. చేయించాలని కూడా నాకు తోచలేదు.

ఆ ఇంటి గురించి చెప్పాలి. చేవెళ్ళ వైపు ఒక ఊరి చివర చిన్న స్థలం కొని ఇల్లు కట్టుకున్నాం. మా ఆయన సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజర్. మా వాళ్ళకి ముహూర్తం చూడందే క్లాప్ పడదు, వాస్తు చూడందే మేకు దిగదు. ఆయన కంపెనీకి ముహూర్తాలు పెట్టే సిద్ధాంతిగారే వచ్చి, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని స్థలమంతా నడిచారు. తూర్పు గోడ పక్కన, సరిగ్గా ఈశాన్య మూలలో కాయ నిలబడింది. "గంగ ఇక్కడే ఉంది" అన్నారు. నేను దండం పెట్టాను.

బోరు వేయడానికి వచ్చిన యాదగిరి మాత్రం ఆ మూల చూసి తల గోక్కున్నాడు.

"మేడం, జర ఇటు దిక్కు జరుపుదామా? గోడ అవుతల గుంత తవ్వుతుండ్రు. గది సెప్టిక్ గుంత లెక్కనే ఉన్నది."

"ఈశాన్యం వదిలేసి ఎక్కడ వేస్తాం? మనం నాలుగు వందల అడుగులు వెళ్తుంటే పైన గుంతతో ఏం పని?"

"కేసింగ్ పైపు పైన మట్టి మందమే ఉంటది మేడం. కిందంత బండనే. బండకు పగుళ్ళు ఉంటయ్. వానలు పడ్డయంటే గాడి నీళ్ళు గీడికి రావా?"

"నువ్వు నీ పని చూడు, యాదగిరీ" అన్నాను. రోజూ నేలలోకి చూసే మనిషి మాట కాదని, కొబ్బరికాయ మాట విన్నాను.

ఇల్లు పూర్తయ్యాక పంచాయతీ మనిషి వచ్చి నల్లా పెట్టించుకోమన్నాడు. ఊరందరికీ అవే నీళ్ళు. పక్కింట్లో ఒక్క గుక్క రుచి చూశాను. బ్లీచింగ్ వాసన. పైగా రోజు విడిచి రోజు, గంటసేపు వస్తాయట. మా బోరు నీళ్ళు కొబ్బరినీళ్ళలా తియ్యగా ఉన్నాయి. సొంత బోరు ఉండగా ఎవరో వదిలే నీళ్ళ కోసం బిందె పట్టుకుని కూర్చోవాలా అనుకున్నాను. "మాకు అక్కర్లేదు బాబూ" అని పంపేశాను.

వానాకాలంలో మాధవిని నేనే అక్కడికి తీసుకెళ్ళాను. సిటీ పొగలో ఎందుకు, పది రోజులు మంచి గాలి పీల్చమన్నాను. కుండలో నీళ్ళు నేనే నింపి, "మినరల్ వాటర్ పారెయ్యి, ఈ నీళ్ళు తాగు, బిడ్డకి మంచిది" అన్నాను. అదీ నా నోటితోనే అన్నాను. నాకేం కాలేదు. ఎందుకంటే రుచికి ఒక గుక్క తప్ప నేను పచ్చి నీళ్ళు ముట్టను. గొంతు మీద బతికేదాన్ని కాబట్టి ఇరవై ఏళ్ళుగా కాచిన వేణ్ణీళ్ళే ఫ్లాస్కులో వెంట ఉంటాయి. నా గొంతుకి పనికిరాని నీళ్ళు దాని కడుపుకి ఎలా పనికొస్తాయనుకున్నాను?

హాస్పిటల్‌లో మూడో రోజు నుంచి పరిస్థితి తిరగబడింది. "ఐఎన్ఆర్ పెరుగుతోంది. రక్తం గడ్డకట్టే శక్తి తగ్గుతోంది" అన్నారు. మాధవి మాట ముద్దగా వచ్చింది. తేదీ అడిగితే చెప్పలేకపోయింది. ఐసీయూకి మార్చారు. ఆ సాయంత్రం గైనకాలజిస్టు బయటికొచ్చి, "బేబీ హార్ట్‌బీట్ లేదు. ఇప్పుడు మనం తల్లిని కాపాడుకోవాలి" అన్నారు. పుణె నుంచి అప్పుడే వచ్చిన మరిది చేతిలో బ్యాగు అలాగే ఉంది. ఆడపిల్ల. ఆడపిల్లయితే పెట్టాలని వాళ్ళు పేరు కూడా అనుకున్నారు. అది నేనిక్కడ రాయను.

లివర్ నెమ్మదిగా తేరుకుంది. మధ్యలో ఇన్ఫెక్షన్ వచ్చి మళ్ళీ జ్వరం, మళ్ళీ ఐసీయూ. స్పృహ పూర్తిగా వచ్చిన రోజు అది నన్ను అడిగిన మొదటి మాట, "ఆ జ్యూస్ వల్లేనా అక్కా?"

నాకప్పటికే నిజం తెలుసు. మాధవి హాస్పిటల్లో చేరిన నెలలోనే, ఆ బోరు నీళ్ళే తాగే మా ఆయనకి నాలుగు రోజులు జ్వరం, ఆకలి లేకపోవడం వస్తే షూటింగ్ అలసట అనుకున్నాం. డాక్టర్ మా బోరునే అనుమానించి ఆయనకీ రక్తపరీక్ష చేయించారు. అదే ఐజీఎం, అదే పాజిటివ్. ఆయన టోలిచౌకి ముఖం చూసి ఏడాదైంది.

"కాదే. మా బోరు వల్ల" అన్నాను. అది మొహం గోడవైపు తిప్పుకుంది.

మర్నాడే తోటింటికి వెళ్ళి ల్యాబు సీసాలో నీళ్ళు పట్టాను. తర్వాత కుర్చీ వేసుకుని తూర్పు గోడ అవతలికి చూశాను. మా బోరుకి పది అడుగుల దూరంలో వాళ్ళ సెప్టిక్ ట్యాంకు, దాని పక్కనే ఆ మురుగు నేలలోకి ఇంకే గుంత. కేకేస్తే పక్కింటాయన వచ్చాడు. పాపం, మర్యాదస్తుడే. "మాది పద్ధతి ప్రకారం వాయువ్యంలోనే కట్టించామండీ" అన్నాడు.

నిజమే. మా తూర్పు గోడే వాళ్ళ పడమటి గోడ. మా ఈశాన్య మూల, వాళ్ళ వాయువ్య మూల వీపులు ఆనించుకుని ఉన్నాయి. ఆయనా శాస్త్రం తప్పలేదు, నేనూ తప్పలేదు. ఇద్దరం పద్ధతిగా వాళ్ళ మురుగు మేం తాగే ఏర్పాటు చేసుకున్నాం. ల్యాబు రిపోర్టులో ఈ.కోలి అని, అంటే మలంలో ఉండే బాక్టీరియా అని వచ్చింది. సిద్ధాంతిగారికి ఫోన్ చేశాను. "బోరు స్థానం దివ్యంగా ఉందమ్మా. అమ్మాయి గ్రహస్థితి ఓసారి చూడాలి" అన్నారు. ఎన్ని సీరియళ్ళలో ఎన్ని తిట్లు పలికానో, ఆ నిమిషంలో ఒక్కటీ నోటికి రాలేదు. ఫోన్ పెట్టేశాను. ఆ కోపం ఇంకా నాలోనే ఉంది. అందులో సగం ఆయన మీద, సగం నా మీద.

ఇప్పుడు మాధవికి ఎల్‌ఎఫ్‌టీ నార్మల్‌గా ఉంది. నడుస్తోంది, తింటోంది, ఆఫీసుకి వెళ్తోంది. మేము నల్లా పెట్టించుకున్నాం. ఆ నీళ్ళు అమృతమని చెప్పను. పైపు పగిలితే వాటిలోనూ మురుగు కలుస్తుంది, అందుకే కాచే తాగుతున్నాం. కానీ వాటిలో బ్లీచింగ్ కలిపే మనిషి ఒకడున్నాడు, తేడా వస్తే నిలదీయడానికి ఆఫీసుంది. బోరు వేసుకున్నవాడికి తానే వాటర్ బోర్డు. ఆ ఉద్యోగం నేను చేయలేదు. బోరుకి మూత బిగించేశాం.

పోయిన నెల మాధవి ఆ ఇంటికి మొదటిసారి మళ్ళీ వచ్చింది. భోజనం దగ్గర గ్లాసు పెట్టి, "నల్లా నీళ్ళేనే, కాచి చల్లార్చాను" అన్నాను. అది బ్యాగులోంచి తన సీసా తీసుకుంది. "ఏమనుకోకక్కా" అంది.

ఊళ్ళో ఇల్లు కట్టుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. బోరు పాయింటు పెట్టించే ముందు ఒక కుర్చీ వేసుకుని నాలుగు గోడల అవతలికీ చూడండి. ఎవరి గుంత ఎక్కడుందో చూశాకే బోరా, నల్లానా అని తేల్చుకోండి. నాకు కుర్చీ మొదటి నుంచీ ఉంది. దాన్ని ఎక్కడానికి ఆ పిల్ల పోవాల్సొచ్చింది.