దొర్లని కాయ

కోవిడ్ తర్వాత కాలేజీలు పూర్తిగా తెరిచిన ఏడాది, జూన్ నెలలో, అమలాపురంలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో విజువల్ కమ్యూనికేషన్ విభాగానికి విజిటింగ్ ఫ్యాకల్టీగా చేరాను. అంతకు ముందు నా ఉద్యోగమంతా హైదరాబాదు ఎడిటింగ్ గదుల్లోనే గడిచింది. అప్రెంటిస్‌గా చేరి, అసిస్టెంటునై, అసోసియేటునై, చివరికి తెరమీద ఎడిటర్‌గా పేరు పడేదాకా వెళ్లాను. అందులో ఎక్కువ కాలం ట్రైలర్లే కట్ చేశాను. ట్రైలర్ పని కథ చెప్పడం కాదు, మిగతాది చూడకుండా ఉండలేని ఆరాటం పుట్టించడం. ఆ ఆరాటం పుట్టిందో లేదో తెలుసుకోవడానికి విడుదలకు ముందే కొంతమందిని కూర్చోబెట్టి వేసి చూపిస్తాం. దాన్ని టెస్ట్ స్క్రీనింగ్ అంటారు. మాది కర్నూలు. మా వైపు వాళ్లకు వేస్తే ఫలితం అక్కడికక్కడే తేలిపోతుంది. నచ్చకపోతే లేచిపోతారు, పోతూపోతూ ఎందుకు నచ్చలేదో కూడా చెప్పి మరీ పోతారు. కోనసీమలో అది ఎంత కష్టమో అక్కడ ఉద్యోగం చేస్తేగానీ తెలియలేదు.

ఆ ఏడాది ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్టు కింద ఒక హారర్ సినిమా మొదలుపెట్టారు. పేరు ‘మూడో చప్పుడు’. దర్శకత్వం, ఎడిటింగ్ సత్యవేణి అనే అమ్మాయి చూసుకునేది. సౌండ్ డేవిడ్‌ది. కొబ్బరితోటలో రేకుల కప్పు వేసిన మకాం, అంటే కాయలు దించినప్పుడు పోసుకునే పాక. అందులో తల్లీకూతుళ్లు ఉంటారు. పైకప్పు మీద చప్పుళ్లు మొదలవుతాయి. అదీ కథ. విద్యార్థి చిత్రాల పోటీ ఒకటి ఉంది. దాని మొదటి వడపోతకు పూర్తి సినిమా అక్కర్లేదు, నిమిషన్నర ట్రైలర్ చాలు. ఎంపికైన వాళ్లకు మిగతా షూటింగు కోసం కెమెరా, లైట్లు నిర్వాహకులే ఇస్తారు.

అందరికంటే సత్యవేణికే ఈ పోటీ ముఖ్యం. తండ్రి కువైట్‌లో డ్రైవరు. తల్లి రాజ్యలక్ష్మి గారు అంబాజీపేటలో బట్టలు కుడతారు. డిగ్రీ కాగానే హైదరాబాదు వెళ్లి ఎడిటింగ్ నేర్చుకుంటానని కూతురు పట్టు. ట్రైలర్ ఎంపికైతే పంపిస్తాను, లేకపోతే ఊళ్లో స్కూల్లో టీచరుగా చేరాలని తల్లి మాట. ఆ మాట రాజ్యలక్ష్మి గారు నా ముందే చెప్పేరు. నవ్వుతూనే చెప్పేరుగానీ, ఆ నవ్వులో బేరానికి చోటు లేదు.

మొదటి కట్, అంటే ట్రైలర్ తొలి రూపం, సిద్ధం కాగానే సెమినార్ హాల్లో కిటికీలకు పరదాలు కట్టి టెస్ట్ స్క్రీనింగ్ పెట్టాను. పిల్లల తల్లిదండ్రులు, చుట్టుపక్కల దుకాణాల వాళ్లు వచ్చేరు. చూశాక తలా ఒక చీటీ ఇచ్చి అభిప్రాయం రాయమన్నాను. చీటీలు తెరిచి చూస్తే అన్నిటిలోనూ ఒకటే మాట. చాలా బాగుందండీ. చీటీలో కూడా అండీ! నోటితో అడిగినా అంతే.

“ఎక్కడైనా భయం వేసిందాండీ?” అని ఒక పెద్దాయన్ను అడిగాను.

“ఆయ్, వేసిందండీ.”

“ఎక్కడ?”

“మీరెక్కడంటే అక్కడేనండీ” అన్నారాయన, నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక.

పిల్లలు గంతులేశారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ట్రైలర్ నడుస్తున్నంతసేపూ నేను తెరను చూడలేదు, కుర్చీలను చూశాను. పైకప్పు మీద మొదటి చప్పుడు పడేచోట హాలంతా ఉలిక్కిపడాలి. మా వృత్తిలో అలాంటి దెబ్బకు ముందు నిశ్శబ్దం, తర్వాత ఒక్కసారిగా శబ్దం పెడతాం. సత్యవేణి నిశ్శబ్దాన్ని చక్కగా పెట్టింది. చప్పుడూ బాగానే పడింది. కానీ ఒక్క భుజం కదలలేదు. ఒకావిడ ఆవలించింది కూడా. ఆ మాట చెబితే సత్యవేణి ఒప్పుకోలేదు.

“అందరూ బాగుందనే కదండీ సార్ రాసేరు?”

“వాళ్లు రాసింది ట్రైలర్ గురించి కాదమ్మా, నీ గురించి. నువ్వు బాగుండాలని రాశారు.”

డేవిడ్‌కు ఒక ఉపాయం తోచింది. చప్పుడు చాలలేదేమో, పెంచుదామన్నాడు. పెంచాడు. కింద బేస్, అంటే బరువైన మంద్ర శబ్దం, వేశాడు, గోడలు అదిరేలా చేశాడు. ఈసారి రాజోలులో ఒక కల్యాణ మండపం దొరికితే అక్కడ పెట్టాం. పద్ధతి మాత్రం మార్చేశాను. చీటీల్లేవు, బాగుందా అనే ప్రశ్నే లేదు. వచ్చిన వాళ్ల అనుమతి తీసుకుని తెర పక్కన ఒక కెమెరా వాళ్ల ముఖాల వైపు తిప్పి పెట్టాను. చూశాక ఒక్కొక్కరినీ పక్క గదిలోకి పంపాను. అక్కడ మా క్లాసు పిల్ల ఒకతి కూర్చుని, నేను చూడలేకపోయేనండి, ఏమయిందో కాస్త చెప్పరూ అని అడుగుతుంది. ఆ మాటల్ని రికార్డు చేస్తాం. మనిషిని అభిప్రాయం అడిగితే మర్యాదలోకి వెళ్లిపోతాడు. కథ చెప్పమంటే చూసింది చెబుతాడు. హైదరాబాదులో ఒక సీనియర్ ఎడిటర్ దగ్గర అసిస్టెంటుగా ఉన్నప్పుడు నేర్చుకున్న కిటుకు ఇది.

మర్నాడు ఎడిటింగ్ గదిలో ముగ్గురం ఆ రికార్డింగులు పెట్టుకుని కూర్చున్నాం. మొదటి గొంతు ఒక గృహిణిది. “తల్లీకూతుళ్లు మకాంలో ఉంటారండి. కాయ పడుద్దండి. తర్వాతేమో...” అంటూ సాగింది. రెండో గొంతు, “పాపం కాయ పడిందండి రేకు మీద.” మూడో ఆయన మరీ ఉదారుడు. “కాయ కాదండి బాబూ, ఆ మోతకి గెలే పడిపోయుంటుందండి!”

డేవిడ్ తలపట్టుకున్నాడు. వాడు వారం పాటు కష్టపడి తయారుచేసిన దెయ్యం అందరికీ కొబ్బరికాయలా వినిపించింది. మరి వినిపించదా? పుట్టిన దగ్గర్నుంచీ ఇంటి కప్పు మీద కాయల చప్పుడు వింటూ పెరిగిన వాళ్లు. నాకు నవ్వు ఆగలేదు. కెమెరాలో ముఖాలు చూస్తే ఇంకా నవ్వొచ్చింది. చప్పుడు పడగానే ఒకాయన తెర మీంచి కళ్లు తిప్పకుండానే తలని కాస్త పక్కకు జరిపాడు. భయంతో కాదు, అలవాటుతో.

సత్యవేణి మాత్రం నవ్వలేదు. చప్పుడు మార్చాలంటే ఏం పెట్టాలి, ఏడుపా, గజ్జెలా అని గొణుక్కుంటూ గృహిణి రికార్డింగు మళ్లీ పెట్టింది. మొదటిసారి మేం నవ్వుల్లో వినకుండా వదిలేసిన ముక్క ఈసారి స్పష్టంగా వినిపించింది. “కాయ రేకు మీద పడి, దొర్లుకుంటా వచ్చి, కింద పడుద్దండి.” ఆ అమ్మాయి చటుక్కున ఆపింది. ఇంకొకరిది పెట్టింది. అందులోనూ దొర్లింది. ఇంకొకరిది. దాంట్లోనూ దొర్లి, చూరు నుంచి జారి, ఇసుకలో పడింది.

“సార్, దొర్లడం మనం పెట్టలేదు కదండీ?”

షాట్లూ శబ్దాలూ వరసగా కనిపించే టైమ్‌లైన్ తెరిచి చూశాం. నిజమే. రేకు మీద ఒక్క దెబ్బ, ఆ తర్వాత వెంటనే కూతురి కేక, పరుగు, సంగీతం. దొర్లిన శబ్దం ఎక్కడా లేదు. మేం పెట్టనిది ప్రేక్షకులు విన్నారు. వాలు కప్పు మీద కాయ పడితే దొర్లాలి. దొర్లకుండా ఉండదు. అందుకే లేని శబ్దాన్ని వాళ్లే వేసుకుని, హమ్మయ్య కాయే అని నెమ్మదించారు.

సత్యవేణి కుర్చీలోంచి లేచిపోయింది. “అయితే సార్, దొర్లే టైమిచ్చి, దొర్లకుండా ఆపేద్దామండీ!”

నా సర్వీసంతా ఎడిటింగ్ గదుల్లో గడిపాను. అలాంటి మాట విన్నప్పుడు ఒంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. నేనూ లేచి నిలబడ్డాను. డేవిడ్ అప్పటికే హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని బయల్దేరిపోయాడు. మర్నాడు పొద్దున్నే తోటకు వెళ్లి కొత్త షాట్లు తీశారు. పట్టపగలు. తల్లి బియ్యం ఏరుకుంటూ ఉంటుంది. కాయ రేకు మీద పడుతుంది, గడగడా దొర్లుతుంది, ఇసుకలో పడుతుంది. తల్లి తలెత్తకుండానే, కాయ తెచ్చి లోపల పెట్టవే అంటుంది. కూతురు వెళ్లి తెస్తుంది. అంతే. భయం లేదు, సంగీతం లేదు. ఊరు తెలియని ప్రేక్షకుడికి కూడా ఆ చప్పుడు ఎలా మొదలై ఎలా ముగుస్తుందో ఈ ఒక్క షాటు నేర్పేస్తుంది.

తర్వాత సాయంత్రం. అదే తల్లి, చేటలో బియ్యం చెరుగుతూ. అదే కూతురు. రేకు మీద దెబ్బ. తల్లి తలెత్తదు. దొర్లడానికి పట్టేంత సమయం అలాగే వదిలేశాం. ఆ పైన ఇంకొంచెం. తల్లి చేతిలో చేట ఆగుతుంది. సినిమా పేరు పడుతుంది. మిగతా అరుపులు, పరుగులు, పౌడరు పూసిన దెయ్యం, సత్యవేణి ప్రాణంలా చూసుకున్న గోదావరి డ్రోన్ షాటు, అన్నీ తీసేశాం. డ్రోన్ షాటు తీసేసేటప్పుడు మాత్రం ఆ అమ్మాయి నన్ను బటన్ నొక్కనివ్వలేదు. తనే నొక్కింది.

చివరి టెస్ట్ స్క్రీనింగ్ అంబాజీపేటలో, ఒక కొబ్బరి కొట్టు వెనక హాల్లో, లోడింగు పని లేని మధ్యాహ్నం పూట పెట్టాం. రాజ్యలక్ష్మి గారు మూడో వరసలో కూర్చున్నారు. నేను తెరకు వీపు పెట్టి నిలబడ్డాను. పగటి కాయ పడింది. ఎవరూ పట్టించుకోలేదు. ఒకరిద్దరు నవ్వేరు కూడా. సాయంత్రం దెబ్బ పడింది. అప్పుడూ ఎవరూ కదల్లేదు. వాళ్లు ఎదురుచూస్తున్నారు, చెవులు రిక్కించి, దొర్లుతుందని. అది రాలేదు. ఒక్కొక్క తలా మెల్లిగా పైకి లేచింది. తెరవైపు కాదు, ఆ హాలు పైకప్పు వైపు! పల్లీలు తింటున్నాయన చెయ్యి నోటి దగ్గరే ఆగింది. రాజ్యలక్ష్మి గారు పక్కావిడ మోచెయ్యి పట్టుకున్నారు.

లైట్లు వేశాం. ఒక్కరంటే ఒక్కరు బాగుందండీ అనలేదు. వెనక నుంచి ఎవరో, “మరి కాయేదండీ?” అన్నారు. అంతే, హాలంతా గోల. పైన ఏముందండీ అని ఒకరు, పట్టుకునుంటారండి ఎవరో అని ఒకరు. దొర్లకపోవడమేంటండి బాబూ అని పల్లీలాయన లేచి నిలబడి మరీ అడిగారు. సత్యవేణి, డేవిడ్ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఎగిరి గంతేశారు. నేను కూడా చప్పట్లు కొట్టాను. టెస్ట్ స్క్రీనింగులో ఎడిటర్ చప్పట్లు కొట్టకూడదు. కొట్టాను.

ట్రైలర్ పోటీకి ఎంపికైంది. కొబ్బరితోట ముఖం చూడని జడ్జీలు కూడా పైన ఏముందనే అడిగారట. కెమెరా, లైట్లు వచ్చేయి. రాజ్యలక్ష్మి గారు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు.

సత్యవేణి హైదరాబాదు బయల్దేరిన రోజు నేనూ అమలాపురం బస్టాండుకు వెళ్లాను. బస్సు ఇంకా రాలేదు. రాజ్యలక్ష్మి గారు నన్ను కాస్త పక్కకు పిలిచేరు. థాంక్స్ చెబుతారేమో అనుకున్నాను.

“మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఆ పేరు అక్షరాలు కాస్త ముందరే వచ్చేసేయండి. చేట ఆగేక ఇంకొంచెం ఉంచాల్సిందండి.”

మొదటి కట్ చూసి చాలా బాగుందండీ అని రాసిన మనిషి ఆవిడ. నిజమే, అక్షరాలు ముందే వచ్చాయి. ట్రైలర్ అప్పటికే పంపేశాం కాబట్టి పూర్తి సినిమాలో ఆ చోటు సరిచేశాం.

ఆ తర్వాత నేను పాఠం చెప్పిన ప్రతి క్లాసుకూ ఒకే నియమం పెట్టాను. ప్రేక్షకుణ్ణి బాగుందా అని అడగకూడదు, ఏం చూశారని అడగాలి. చెప్పిన దాంట్లో మనం పెట్టనిది ఏదైనా వినిపిస్తే దాన్ని తప్పుగా కొట్టిపారేయకూడదు. కట్ చేయాల్సిన చోటు అదే. ఇక మెచ్చుకోవడం మానేసి ఫలానాది సరిచేయమని ఎవరైనా పక్కకు పిలిచి చెబితే, వాళ్లు ఆ పనిని తమదిగా అనుకున్నారని లెక్క. అక్కడితో టెస్ట్ స్క్రీనింగ్ పూర్తయినట్టు.