మస్తాన్‌బీ పచ్చీసు గుడ్డ

మొన్న మా మనవరాలు ఒక ఆట డబ్బా కొనుక్కొచ్చి నా మంచం మీదే మూత తీసింది. కొత్త అట్ట వాసన, రంగుల వాసన కలిసి గుప్పున ముక్కుకు కొట్టాయి. మూత మీద ఇద్దరి నుంచి నలుగురి దాకా ఆడవచ్చని, ఎనిమిదేళ్ళు నిండినవాళ్ళకని అచ్చేసి ఉంది. "నానమ్మా, మన ఇంటికి ఇది సరిపోతుందా?" అని అడిగింది. నేనేం చెప్పను? ఎంతమందో రాశారు, ఎన్నేళ్ళవాళ్ళో రాశారు. ఆడే ఇంట్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో అడిగినవాళ్ళు లేరు. మస్తాన్‌బీ పిన్ని అయితే మొట్టమొదట అదే అడిగేది.

అరవైల మొదట్లో నేను కాపురానికి వచ్చిన ఊరు వినుకొండకు నాలుగు మైళ్ళు. మా పెరటి గోడ అవతలే మస్తాన్‌బీ ఇల్లు. భర్త దర్జీ. ఆయన కత్తిరించి పడేసిన పీలికల్లో పనికొచ్చేవి ఏరుకుని, కోరాగుడ్డ మీద గళ్ళుగళ్ళుగా అతికించి, నాలుగు చేతుల పచ్చీసు గుడ్డలు కుట్టేది. గవ్వలు పుట్టింటి నుంచి, వేటపాలెం వైపు నుంచి, తెచ్చుకునేది. తిరునాళ్ళకు పట్టుకెళితే గుడ్డలు మిగిలేవి కావు. అయితే ఆమెకు ఒక పట్టింపు ఉండేది. ఏ గుడ్డ కుట్టినా, దాని మీద నలుగురిని కూర్చోబెట్టి ఒక ఆట మొదలు నుంచి చివరి దాకా ఆడించందే అమ్మేది కాదు. ఆట మధ్యలో ఆగిపోతే ఆ గుడ్డ ఇక అమ్మకానికి పనికిరాదన్నమాటే. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే ఆమె ఆటకు పిలిస్తే ఎవరూ మధ్యలో లేచి వెళ్ళేవాళ్ళు కారు.

అడిగిన ఆట ఇచ్చే మనిషి కాదు. పిల్లలు ఎక్కువున్న తల్లి ఎవరైనా వస్తే, "అష్టాచెమ్మాకి నా దగ్గరికెందుకే? అరుగు మీద సుద్దతో గీసుకో, నాలుగు చింతపిక్కలు అరగదీసుకో, పో" అని తిట్టి పంపేది. ముసలాయనా మనవడూ ఆడుకోవాలంటే వైకుంఠపాళి కొనుక్కోమనేది. పాము మింగినా ఎవరి తప్పూ కాదు గనక ఇద్దరికీ కోపం రాదట. పసిబిడ్డ పోయిన ఒకావిడకు మాత్రం తన వామనగుంటల పీట తనే తీసుకెళ్ళి ఇచ్చింది. ఎవరూ లేకపోయినా ఒక్కతే కూర్చుని గుంటల్లో గింజలు పోసుకుంటూ ఉండొచ్చని. పులిజూదం గురించి అడిగితే మాత్రం మనిషిని ఎగాదిగా చూసి, "ఓడితే నవ్వగలవా?" అనేది. ఆ పెద్దరికం చూసి మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఆటలు అమ్ముకునే మనిషికి ఇన్ని ఆరాలెందుకు అనుకునేదాన్ని.

మా ఇంట్లో ముగ్గురమే. మామయ్యగారు, మా ఆయన, నేను. అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. మిరప విత్తనానికి కాయ ఏరడం మా మామయ్యగారికే చెల్లుతుందని ఊళ్ళో పేరు. కల్లంలో ఎండిన కాయల్లోంచి మచ్చ లేనివి, నిగనిగలాడేవి ఏరి, ఆ గింజే మరుసటి ఏటికి దాచేవారు. నేను వచ్చిన ఏడు ఆ గింజ నారుమడిలో మొలవలేదు. పడి గింజలకు పది మొక్కలు కూడా లేవలేదు. "నీళ్ళెక్కువ పెట్టి కుళ్ళబెట్టాడు" అన్నారు మామయ్యగారు. "గింజలోనే జీవం లేదు" అన్నాడు మా ఆయన. ఊరందరి ముందూ ఒకరినొకరు అనుకున్నారు. అంతే, ఆ రోజు నుంచి మాటలు బంద్. పక్క ఊళ్ళో నారు కొని ఆలస్యంగా నాటుకున్నాం. కాపూ అంతంతమాత్రమే.

ఎనిమిది నెలలు నేనే ఇద్దరికీ మధ్య టపా బంట్రోతుని. "ఎద్దుకి కాలు వాచిందని చెప్పు మీ ఆయనకి." "చూశానని చెప్పు ఆయనకి." ఇద్దరూ ఒకే వసారాలో కూర్చుని ఉండేవాళ్ళు, మధ్యలో నేను. చివరికి మా ఆయన దాచేపల్లి వైపు రాతి క్వారీల్లో మేస్త్రీ పని మాట్లాడుకొచ్చాడు. మిరప కోతలు అవగానే నన్ను పుట్టింట్లో దింపి తను వెళ్ళిపోతాడట. ఎప్పుడు తీసుకెళతాడో తనకే తెలియదు. నాకు పందొమ్మిదేళ్ళు. మొగుణ్ణి పోగొట్టుకుని, మామగారిని ఒంటరిగా వదిలి, పుట్టింటి గడప ఎక్కాల్సి వస్తుందని ఏడుపొచ్చేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మామయ్యగారు మజ్జిగ గ్లాసు కోసం పీట పక్కన చేత్తో తడుముకోవడం నేను చూశాను. ఉప్పు వేసిన అన్నంలోనే మళ్ళీ ఉప్పు వేసుకోవడం చూశాను. అర్థమైంది. కానీ ఎవరితోనూ అనలేదు. కోడలు మామగారి చూపు గురించి నోరెత్తితే చాడీ అంటారని భయం.

మస్తాన్‌బీని చూసి నాకూ ఒక తెలివి పుట్టింది. ఆటతో కలుపుదామనుకున్నాను. ఆమెను అడగకుండానే వసారా నాపరాయి మీద సుద్దతో పులిజూదం గీసి, పులులకు గులకరాళ్ళు, మేకలకు చింతపిక్కలు పెట్టాను. మామయ్యగారు ఒకప్పుడు ఆ ఆటలో మొనగాడట. నిజంగానే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మూడు మధ్యాహ్నాలు పెదవి విప్పకుండా ఆడారు. మూడు రోజులూ ఆయనే ఓడిపోయారు. మూడో రోజు చింతపిక్కలన్నీ వాకిట్లోకి ఊడ్చేసి, "నన్ను కట్టేశానని సంబరపడొద్దని చెప్పు మీ ఆయనకి" అని లేచిపోయారు. ఆ సాయంత్రమే మా ఆయన పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు.

నేను గోడ దగ్గరికి వెళ్ళి మస్తాన్‌బీ పిన్నితో అంతా చెప్పి ఏడ్చాను. ఒక్క చూపు సంగతి తప్ప.

"నీకు బుద్ధుందా అమ్మాయ్? తగువున్న ఇంట్లో ఇద్దరాడే ఆట పెడతారా? దానికి నోటితో పనేముంది? నోరు మూసుకునే పీక కోసుకోవచ్చు."

"మరేం చెయ్యమంటావు పిన్నీ?"

"నీ ఏడుపు ఆపు. రేపు మధ్యాహ్నం వసారా ఊడ్చిపెట్టు."

మర్నాడు భోజనాలయ్యాక కొత్త గుడ్డ చంకలో పెట్టుకుని మా వాకిట్లో నిలబడింది. గుడ్డకు పెట్టిన గంజి ఇంకా ఆరలేదు. "అన్నా, వారంలో తిరునాళ్ళ. గుడ్డ ఆడి చూడాలి. అందరూ కోతల్లో ఉన్నారు, నలుగురు దొరకడం లేదు" అంది. మామయ్యగారు కాదనలేకపోయారు. "ఒరే రాఘవా, నువ్వూ రా" అని మా ఆయన్ని కేకేసింది. పచ్చీసులో ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు ఒక జట్టు. ఇద్దరి కాయలూ పండితేనే గెలుపు. తండ్రినీ కొడుకునీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది. తన ఎదురుగా నన్ను రమ్మంది. మామగారి ముందు కోడలు కూర్చునే రోజులు కావవి. గుడ్డను జరిపి దాని ఒక చేతిని గడపకు ఆనించి, "నువ్వు లోపలే కూర్చో, గడప మీంచి చెయ్యి చాపు" అంది. అలా ఇంట్లో నేను, వసారాలో వాళ్ళు ముగ్గురు.

మొదటి రోజు ఆట ఏడిచినట్టే సాగింది. జట్టువాళ్ళు ఏ కాయ జరపాలో చెప్పుకోవాలి. వీళ్ళు చెప్పుకోరు. మామయ్యగారు, "ఆ మూల కాయ నడిపితే బాగుంటుందమ్మా" అని నాతో అనేవారు. నేను ఎదుటి జట్టుదాన్ని. మస్తాన్‌బీ పిన్ని వాళ్ళ కాయలను కనికరం లేకుండా చంపుకుంటూ పోయింది. పొద్దు వాలాక గుడ్డ మీద కాయలు కదలకుండా పైన గంప బోర్లించి వెళ్ళిపోయింది.

రెండో రోజు మామయ్యగారి వంతు. ఆరు గవ్వలు. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్ళు. పిన్ని కాయ ఒకటి ఆయన కాయకు సరిగ్గా నాలుగు గళ్ళ అవతల ఉంది. నాలుగు పడితే అది చస్తుంది. లేకపోతే మరుసటి పందెంలో ఆమె కాయ పండిపోతుంది, వాళ్ళ పని అయిపోతుంది. ఆయన గవ్వలు వేశారు. ఎప్పటిలాగే పోగుచేస్తున్నట్టుగా వాటి మీద అరచేయి ఆడించి, "మూడు" అన్నారు.

నాలుగోది ఆయన మోకాలి పక్కనే వెల్లకిలా పడి ఉంది. తెల్లటి గవ్వ, నల్లటి నాపరాయి మీద. నాకు గడప లోపలి నుంచే కనిపిస్తోంది. ఆయన అప్పటికే కాయ కోసం చెయ్యి చాపారు. మస్తాన్‌బీ పిన్ని మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మా ఆయన గవ్వ వైపు చూశాడు, తండ్రి మొహం వైపు చూశాడు.

"నాన్నా, నాలుగు. ఒకటి నీ మోకాలి పక్కన పడింది."

మామయ్యగారి చెయ్యి అక్కడే ఆగిపోయింది. మోకాలి పక్కన తడిమి గవ్వ తీసుకున్నారు.

"ఎప్పట్నించి?" అన్నాడు మా ఆయన.

"పోయినేడు కోతల ముందు నుంచి."

"అయితే విత్తనం కాయ ఏరింది..."

"ఆ. ఈ కళ్ళతోటే ఏరా. మచ్చకాయో మంచికాయో నాకేం తెలుసు." గవ్వ గుడ్డ మీద పెట్టారు. "నీళ్ళ తప్పు కాదులేరా. ఈ ఏడు గింజకాయ నువ్వే ఏరు."

మా ఆయన కండువాతో మొహం తుడుచుకుని, తండ్రి కాయను నాలుగు గళ్ళు జరిపి, పిన్ని కాయను తీసి పక్కన పెట్టాడు. తర్వాత ప్రతి పందేనికీ ఎన్ని పడ్డాయో తనే పైకి చెప్పాడు. ఆట వాళ్ళే గెలిచారు. పిన్ని గుడ్డ దులిపి మడత పెట్టుకుని, కుట్టు బాగానే ఉందంటూ వెళ్ళిపోయింది.

దాచేపల్లి ప్రయాణం ఆగిపోయింది. ఆ వారమే కల్లంలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కాయ ఏరారు. కొడుకు చూసి ఇస్తే, తండ్రి పట్టుకుని, గలగలలాడించి, ఉంచమనో పారెయ్యమనో చెప్పేవారు. ఎండాకాలంలో గుంటూరు తీసుకెళ్ళి కళ్ళకు ఆపరేషన్ చేయించారు. ఒక కంటికి చూపొచ్చింది, రెండోదానికి రాలేదు.

ఆట అయిన సాయంత్రమే నేను పిన్ని దగ్గరికి పరుగెత్తుకెళ్ళి చేతులు పట్టుకున్నాను. "ఆయనకి కనపడదని నీకెలా తెలిసింది పిన్నీ?" అన్నాను.

"నాకేం తెలుసు? మాట్లాడుకుంటే చాలనుకున్నా. గవ్వ పడ్డాకే నాకూ తెలిసింది." నా మొహంలోకి చూసి, "నీకు ముందే తెలుసా?" అంది.

తలూపాను. మెచ్చుకుంటుందో ఏమో అనుకున్నాను, గుట్టు దాచినందుకు.

ఆమె నా చేతులు వదిలేసింది. "ఎనిమిది నెలలా? ఆ మనిషి పొద్దున్నే బావి గట్టు మీద నడుస్తాడు కదే. వాళ్ళిద్దరికీ మాటల్లేవు, సరే. నీకు ఇద్దరితోనూ ఉన్నాయి కదా. నీకేం రోగం?"

ఆ రోజు నాకు కోపమొచ్చింది. రెండు రోజులు గోడ వైపు వెళ్ళలేదు. మూడో రోజు వెళ్ళాను. ఆమె బతికినంత కాలం మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నేనే మర్చిపోలేదు. ఇప్పుడు నన్ను మా బంధువుల్లో నోటి దురుసు మనిషి అంటారు. పెళ్ళిలో అయినా, పదిమందిలో అయినా, ఎవరైనా చేత్తో తడుముకోవడం నా కంటబడితే పక్కన కూర్చుని అడిగేస్తాను, నీకు సరిగ్గా కనపడటం లేదా అని. కొందరు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ.