ఒక ప్యాకెట్ తీగలు, రెండు మాండలిన్లు

పిల్లలూ, కువైట్‌లో మీ మావయ్య ఇంట్లో ఆ సాయంత్రం భజన. పొద్దున్నే నా మాండలిన్ తీగ తెగింది. అక్కడి హవల్లీ అనే పేటలో వాయిద్యాల కొట్టుకు వెళ్తే ఒక్క ప్యాకెట్ తీగలే ఉన్నాయి. దాని మీద నాతోపాటే ఓ కువైటీ అబ్బాయి చెయ్యీ పడింది. అతనూ మాండలిన్ మీద బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లెపాటలు వాయిస్తాడట. సాయంత్రం రికార్డింగ్ ఉండగా ఒక తీగ తెగిందట.

"మీరు పెద్దవారు, తీసుకోండి ఖాలా," అన్నాడు వచ్చీరాని హిందీలో. ఖాలా అంటే పిన్ని.

"మరి నీ రికార్డింగో, బాబూ?"

ప్యాకెట్ విప్పితే ప్రతి తీగా జంటగా ఉంది.

"నాకు జంటలెందుకు? కర్ణాటక సంగీతానికి మేం ఒక్కో తీగే కడతాం. రెండోది నీదే!"

"ఒక్కటేనా! మోతెలా వస్తుంది ఖాలా?"

"గమకం ఉందిగా నాయనా!"

నవ్వుకుంటూ చెరిసగం పంచుకున్నాం. ఫోన్‌లో మీకు నేను వినిపించే ఈ తీగకు కవల ఆ అబ్బాయి మాండలిన్ మీద బ్లూగ్రాస్ పాడుతోంది.