నువ్వుగింజంత నత్తకు పేరు

సార్ ఇక లేరని ఆయన భార్య, ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను షామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే బస్సులో నిలబడి ఉన్నాను. ఆసుపత్రి నుంచి ఇంటికే తెస్తున్నామని, దూలపల్లికి రమ్మని చెప్పి పెట్టేశారు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు నా తలలో తిరిగింది ఒక్కటే: ఆ నత్తను ఇంకా పగలగొట్టలేదు.

మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. పీజీ చదువుతుండగా, సముద్ర జీవులను గుర్తించే ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన దూలపల్లిలో ఉన్నారని తెలిసి వెళ్లాను. కాకినాడ వైపు మనిషి. లోతు సముద్రపు వలల్లో పడ్డ చిన్న నత్తలను మేడమీది గదిలో పెట్టుకుని, ఏది ఏ జాతిదో తేల్చేవారు. సముద్రమే చూడని నేను దాని అడుగున ఏముంటుందో ఆ గదిలో నేర్చుకున్నాను. నేను రోజూ బయల్దేరుతుంటే మా అవ్వ ఊరుకునేది కాదు.

"గా నత్తల సార్ కాడికేనా? గింతంత పురుగుకు గంత సదువేందే బిడ్డా?"

ఆ మాట చెబితే సార్ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. "జవాబు నాకూ తెలీదమ్మా. ఆవిడకేమైనా తెలిస్తే కనుక్కో."

నత్తను తీసేటప్పుడు ఫ్యాన్ ఆపేవారు. ఎండాకాలంలో చెమటలు కారుతున్నా ఊపిరి బిగబట్టి, తడి కుంచె మొనతో ఎత్తేవాళ్లం.

ఒక సీసాలో నువ్వుగింజంత నత్తలు రెండే వచ్చాయి. గుల్ల మీద గీతలు లేవు, చుట్లు నున్నగా ఉన్నాయి. పుస్తకాల్లోని ఏ బొమ్మతోనూ కలవలేదు.

"కొత్త జాతే సార్. మస్తు తేడా ఉంది."

"మస్తు అంటే ఎంతమ్మా? కొలిచావా?"

వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక నత్తను కొత్త జాతిగా ప్రకటించారట. తీరా చూస్తే అది తెలిసిన జాతి పిల్ల. పెరిగితే దాని గుల్ల మీదా గీతలు వచ్చేవి. తప్పు తనదేనని ఆయనే అచ్చు వేయించారు. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ ముందు ఆ కథే చెప్పేవారు. "తొందరపడితే కొత్త జాతి పుడుతుంది. సముద్రంలో కాదు, మన కాగితం మీద."

తేల్చడానికి మిగిలిన దారి ఒకటే. ఈ నత్తల నాలుక మీద పళ్ల పట్టీ ఉంటుంది. గుల్ల మారినా ఆ పళ్ల తీరు పెద్దగా మారదు. దాన్ని చూడాలంటే ఒక గుల్ల పగలగొట్టాలి. పట్టీ దొరక్కపోతే ఆ నత్త దండగ. సార్ చేతులు అప్పటికే వణుకుతున్నాయి. "నువ్వే చెయ్యాలి. ముందు మామూలు నత్తల మీద చెయ్యి కుదరనీ" అన్నారు. అది కుదిరేలోపే ఆయన ఆసుపత్రిలో చేరారు.

పెద్దకర్మకు పాత విద్యార్థులు వచ్చారు. భోజనాల దగ్గర ఒకాయన, "ఆ కొత్త నత్తకు సార్ పేరే పెట్టాలి" అన్నారు. అందరూ తలలూపారు. ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"పెడతావు కదమ్మా? ఆయన పేరు ఎక్కడో ఒకచోట ఉండిపోతుంది."

"చూసి చెప్త ఆంటీ."

"ఇంకా చూసేదేముంది?"

మర్నాడు మేడ మీదికి వెళ్లి గుల్ల పగలగొట్టాను. చప్పుడైనా రాలేదు. మెత్తటి ఒంటిని పొటాష్ నీళ్లలో కరగబెట్టాను. పళ్ల పట్టీ ఒక్కటే కరగకుండా మిగలాలి. ఎంతసేపు చూసినా పళ్లెంలో ఏమీ కనిపించలేదు. కింది నుంచి ఆంటీ, "అయిందా?" అని పిలుస్తున్నారు. దీపాన్ని పక్కకు తిప్పితే చివరికి వెంట్రుక ముక్కలాంటి పట్టీ మెరిసింది.

మైక్రోస్కోపు లెన్సు కిందికి రాగానే ఆ పళ్లను గుర్తుపట్టాను. తెలిసిన జాతే. పిల్ల.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. రెండో నత్త గుల్ల బొమ్మ చూపిస్తే నమ్మేవాళ్లు నమ్ముతారు. ఆ ఆలోచనతో కొంతసేపు కూర్చున్నాను. ఇంతలో ఆంటీ టీ పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

"కొత్తది కాదు ఆంటీ. తెలిసినదాని పిల్లనే. సార్ పేరు పెట్టలేను."

ఆవిడ గ్లాసు నా పక్కన పెట్టారు. మైక్రోస్కోపు వైపు చూశారు.

"నత్తలు కదిలిపోతాయని ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారీ అందులో చూడనివ్వలేదమ్మా ఆయన. నువ్వు చూడనిస్తావా?"

కుర్చీ ఇచ్చాను. కళ్ల డాక్టరు దగ్గరిలా ఒక కన్ను అరచేత్తో మూసుకుని వంగారు.

"అబ్బో, ఎన్ని పళ్లో!"

ఆ తర్వాత తల ఎత్తలేదు. టీ మీద మీగడ కట్టింది.